పుస్తకంలో లేని చలికాలం

ఒర్లిందా కావాలనే పూడికతీత రోజు చూసుకుని పొత్రెరియ్యోకి వచ్చింది. మామూలు రోజుల్లో అయితే ఆ ఊళ్ళో ఒక్కొక్క తలుపూ తట్టాలి, ప్రతి ఇంట్లోనూ కాఫీ తాగాలి, మూడో ఇంటికి చేరేసరికి మొదటి ఇంటివాళ్ళు ఫోన్లు చేసి ఆమె ఏం అడగబోతోందో ఊరంతా చెప్పేసి ఉంటారు. మార్చి మూడో శనివారం మాత్రం ఇంటికొక మనిషి పార భుజాన వేసుకుని కాలువ మొదట్లో నిలబడి తీరాలి. ఇరవై రెండు వాటాలు, ఇరవై రెండు పారలు. అడగాల్సింది ఒక్కసారి అడిగితే సరిపోతుంది.

సరిపోతుంది గానీ, నలుగురిని మించి మనుషులుంటే ఒర్లిందాకి గొంతు పెగలదు. ముప్ఫై రెండేళ్ళు వచ్చినా అంతే. రాజధానిలో ఆమె పనిచేసే నీళ్ళ ఆఫీసులో ఉండేది ఆరుగురే. అందులోనూ ఆమె బల్ల కిటికీ పక్కన, పటాల బీరువా చాటున ఉంటుంది. ఆ చోటంటే ఆమెకు ప్రాణం.

ఏడాదిగా ఆ ఆరుగురూ ఒకే ఫైలు మీద పనిచేస్తున్నారు. వాళ్ళలో వాళ్ళు దాన్ని ‘ఒకవేళ ఫైలు’ అనుకుంటారు. వాగును మట్టి పోసి పూడ్చాలన్నా, రాళ్ళు గుమ్మరించాలన్నా ఇన్నాళ్ళూ కేంద్రం అనుమతి కావాలి. ఆ కేంద్ర రక్షణ ఈ వేసవిలోనో పై వేసవిలోనో రద్దు కాబోతోందని అందరూ చెప్పుకుంటున్నారు. ఒకవేళ రద్దయితే, ఆ రోజు పొద్దున్నే రాష్ట్రం సొంత రక్షణ అమల్లోకి రావాలి. మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదు. ఆ ఒక్క రోజు కోసమే లారీలు నింపుకుని కాచుకు కూర్చున్నవాళ్ళున్నారు మరి. అందుకని రాష్ట్రంలోని వాగులన్నిటినీ రెండు వరసలుగా రాశారు. ఏడాది పొడుగునా పారేవి మొదటి వరస; వాటికి మొదటి రోజు నుంచే రక్షణ. కొన్నాళ్ళు పారి కొన్నాళ్ళు ఎండేవి రెండో వరస. వాటి సంగతి తీరిగ్గా రెండేళ్ళ తరవాత చూస్తారు.

పొత్రెరియ్యో పైనున్న ఓసిత వాగును రెండో వరసలో రాసింది ఒర్లిందాయే. డిసెంబరులో, ఊరి కాలువ పుస్తకం నకలు చూసి రాసింది. ముప్ఫై ఏళ్ళ పుస్తకం. ఏ ఏడు చూసినా ఒకటే మాట: మార్చి ఇరవై అయిదున నీళ్ళు వచ్చాయి, అక్టోబరు పదిహేనున నీళ్ళు పోయాయి. మొన్న గురువారం ఆఖరిసారి జాబితా సరిచూస్తుంటే ఆమె వేలు ఆ తేదీల మీద ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళూ అదే తేదీయా? వాగుకి క్యాలెండరు చూడటం రాదు, మనిషికే వస్తుంది. ఆ పుస్తకంలో ఉన్నది వాగు సంగతి కాదు, తూము సంగతి. తూము తలుపు ఎత్తితే నీళ్ళు వచ్చినట్టు, దించితే పోయినట్టు. చలికాలమంతా వాగు తన దారిన తాను నదిలోకి పోతూనే ఉంటుంది. కాలువలోకి రాదు కాబట్టి ఊళ్ళో ఎవరూ దాన్ని నీళ్ళ కింద జమకట్టరు.

వాగు పైన ఉన్న కొండను ఒక కంకర క్వారీ కొనుక్కుంది. పనికిరాని మట్టి పోసుకోవడానికి ఆ లోయ మీదే వాళ్ళ కన్ను. వాళ్ళకి రెండేళ్ళు అక్కర్లేదు, రెండు నెలలు చాలు.

ఆఫీసు పెద్ద డెనిస్ సంగతి వినగానే తలపట్టుకున్నాడు. "సోమవారం మధ్యాహ్నానికి జాబితా మూసేస్తున్నాం, ఒర్లిందా. పుస్తకం రాసినాయన తన చేత్తో రాసివ్వాలి, లేకపోతే మనవాళ్ళు కళ్ళారా చూసిన రుజువు కావాలి. మార్చిలో మంచు కరిగిన నీళ్ళు ఫోటో తీసి తెస్తే మాత్రం ఎవరూ ఒప్పుకోరు" అన్నాడు.

తన తప్పు తనే దిద్దుకోవాలి. అందుకే వచ్చింది.

కాలువ మొదట్లో మనుషులు గుంపుగా నిలబడి ఉన్నారు. విల్లో చెట్లు అప్పుడే ఎర్రబారుతున్నాయి. కాలువ పెద్ద డాన్ అబెనీసియో చేతిలో కొలకర్రతో అటూ ఇటూ తిరుగుతూ ఒక్కొక్కరికీ ఒక్కొక్క ముక్క గీత గీసి అప్పగిస్తున్నాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి; అక్కడ పెద్దవాళ్ళని గౌరవంగా డాన్ అనీ, ఆడవాళ్ళయితే డోన్యా అనీ అంటారు. ఒర్లిందాని చూసి ఆగాడు.

"ఎవరి తరఫున?"

"రాష్ట్రం తరఫున, అయ్యా. నేను నీళ్ళ ఆఫీసు నుంచి..."

"రాష్ట్రానికి ఈ కాలువలో వాటా లేదే. పార ఉందా?"

"లేదండి."

"పార లేనివాళ్ళతో మాట్లాడ్డానికి మధ్యాహ్నం దాకా నాకు తీరదు."

అందరూ నవ్వారు. ఒర్లిందా చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి కారెక్కేదే, కానీ ఎవరో అన్నారు, "డోన్యా క్లియోఫెస్ వాటాకి మనిషి లేడుగా. ఆవిడ మేనల్లుడికి నడుం పట్టేసింది."

"ప్రతి మార్చిలోనూ పట్టేస్తుంది వాడికి. జూన్‌లో నీళ్ళ వంతు రాగానే వదిలేస్తుంది" అన్నాడు డాన్ అబెనీసియో. ఒర్లిందాని కింద నుంచి పైదాకా చూసి, గట్టుకి ఆనించి ఉన్న పార ఆమె చేతికిచ్చాడు. "ఇదిగో, క్లియోఫెస్ వాటా. ఇక్కడ్నించి ఆ వేరు దాకా. అడుగు కనపడాలి."

పార పట్టడం ఒర్లిందాకి కొత్త కాదు. పుట్టినూరిలో నాన్నతో కాలువలో దిగేది. నిరుటి ఆకులు, ఒండ్రు, ఒక పిల్ల చెప్పు, రెండు సీసాలు తీసి గట్టు మీద వేసింది. అందరి ముక్కలూ అయ్యాక పెద్దాయన "వుయెల్తా!" అని కేక పెట్టేవాడు. అంతా పారలెత్తుకుని ముందుకు జరిగి కొత్త ముక్కలు అందుకునేవారు. మూడో కేక అయ్యేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి గానీ మనసు మాత్రం తేలిగ్గా ఉంది. పక్క ముక్కలో ఉన్న ప్రోకోపియో, బొద్దుమీసాల మనిషి, ఊరుకోకుండా ఆమెను కదిలిస్తూనే ఉన్నాడు.

"ఒరేయ్, ఎవరైనా ఫోటో తీయండ్రా. నా యాభై ఏళ్ళలో రాష్ట్రం పార పట్టడం ఇదే చూడ్డం!"

"రాష్ట్రం నీకంటే ముందే అయిపోగొట్టింది ప్రోకోపియో, నీ ముక్క చూసుకో" అని అవతలి నుంచి ఎవరో అంటించారు.

మధ్యాహ్నం డోన్యా క్లియోఫెస్ స్వయంగా బీన్స్ కుండ మోయించుకుని వచ్చింది. వాగు ఒడ్డున ఊళ్ళో అన్నిటికంటే పైనున్న ఇల్లు ఆవిడది. ఈస్టర్‌కి ముందొచ్చే తపస్కాలం కాబట్టి మాంసం లేదు. పచ్చిమిరపకాయల కూర, పల్చటి రొట్టెలు, ఎండుద్రాక్షలు వేసిన తీపి రొట్టె ముక్కలు. అందరూ గట్టు మీద వరసగా కూర్చున్నారు. డాన్ అబెనీసియో చెయ్యి తుడుచుకుని, "ఇప్పుడు చెప్పు, అమ్మాయ్" అన్నాడు.

ఇరవై రెండు మొహాలు ఆమె వైపు తిరిగాయి. ఒర్లిందా చేతిలో రొట్టెను చూస్తూ చెప్పింది. కేంద్ర రక్షణ పోతే ఏమవుతుందో, రెండు వరసల సంగతేమిటో, తను పుస్తకం చూసి ఎలా తప్పు రాసిందో, క్వారీ ఎందుకు కాచుకుని ఉందో అన్నీ చెప్పింది. మధ్యలో రెండుసార్లు మాట తడబడింది. ఎవరో కాఫీ అందించారు. చివరికి, "ఓసిత వాగు చలికాలంలో కూడా పారుతుందని మీరొక్క ముక్క రాసిస్తే చాలు, డాన్ అబెనీసియో" అంది.

పెద్దాయన కొలకర్రతో గట్టు మట్టి మీద గీత గీశాడు.

"పుస్తకంలో ఉన్నదే ఉన్నది" అన్నాడు డాన్ అబెనీసియో.

"కానీ పారుతుంది కదండీ?"

"నేను పారుతుందనలేదు. పారదనీ అనలేదు. నాకు ముందు నలుగురు కాలువ పెద్దలు ఆ పుస్తకం రాశారు. ఒక్కడూ చలికాలం మాటెత్తలేదు. వాళ్ళేం వెర్రివాళ్ళు కాదు."

అప్పుడు ఒర్లిందాకి అర్థమైంది. ఆ పుస్తకం మరిచిపోయి ఊరుకోలేదు, కావాలనే ఊరుకుంది.

ప్రోకోపియో నవ్వు మానేసి చెప్పాడు. "చూడమ్మాయ్, మా తాతని కూడా ఆఫీసర్లు ఇలాగే అడిగారు. ఆ కొండ మీద మీ గొర్రెలు ఏయే నెలల్లో మేస్తాయి అని. ఆయన నిజాయితీపరుడు, చలికాలం మేయవు అన్నాడు. ‘అయితే ఆర్నెల్లు కొండ మీది కాదన్నమాట’ అని రాసుకుపోయారు. తరవాత పన్నెండు నెలలూ మాది కాకుండా పోయింది. ఇప్పుడు కింద పట్నంలో చూడు, ఏటేటా ఇళ్ళు లేస్తున్నాయి. చలికాలంలో మా నీళ్ళు మేం వాడట్లేదు అని మేమే సంతకం పెట్టి ఇస్తే, ‘అయితే మాకివ్వండి’ అని గొట్టాలేసుకుని వచ్చేస్తారు. ఎంత నీళ్ళు, ఎన్నాళ్ళ నుంచి అని మా పెద్దాయన్ని కోర్టులో నిలబెట్టి అడుగుతారు. రారని నువ్వు చెప్పగలవా?"

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో ఆఫీసులో నేర్పారు. మా కాగితం వేరు, నీటి హక్కుల కాగితం వేరు, మీకేం భయం లేదు అని చెప్పాలి. అందులో మొదటి రెండు మాటలూ నిజమే. మూడోది ఆమె నోట రాలేదు.

"చెప్పలేనండి" అంది. "మా కాగితం వాగు ఉందా లేదా అనే అడుగుతుంది. ఎంత ఉందని అడగదు. కానీ రేపు ఇంకొకళ్ళ కాగితం అడగొచ్చు. మీరు రాసిస్తే ఆ రాత వాళ్ళకీ దొరుకుతుంది. అది దాచడం నా చేతుల్లో లేదు. రాసివ్వకపోతే క్వారీ మట్టి పోస్తుంది. ఆ మాట మాత్రం గట్టిగా చెప్పగలను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందరూ తమ తమ పళ్ళేల వైపు చూసుకున్నారు. ఒర్లిందా అనుకుంది, అయిపోయింది, చెడగొట్టాను. ఇంకొకరెవరైనా వచ్చుంటే తియ్యగా మాట్లాడి సంతకం తీసుకుపోయేవారు.

డాన్ అబెనీసియో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నలభై ఏళ్ళుగా ఆఫీసర్లని చూస్తున్నా. అంతా ‘ఏం భయం లేదు’ అన్నవాళ్ళే. భయం ఉందని చెప్పిన ఆఫీసరు ఈ పిల్లే మొదలు."

"అది ఆఫీసరేంటి అబెనీసియో, ఇవాళ అది నా కూలీ" అంది డోన్యా క్లియోఫెస్, ఒర్లిందా పళ్ళెంలో ఇంకో గరిటె బీన్స్ వేస్తూ. "నా కూలీని ఉత్తచేతుల్తో పంపిస్తే నాకు మాట వస్తుంది. డిసెంబరులో నా మంచం పక్కన ఏం చప్పుడు వింటూ నిద్రపోతానో నీకు తెలియదూ?"

"నువ్వేం వింటావో నాకెలా తెలుస్తుందే!"

ఆ మాటకి గట్టంతా గొల్లుమంది. పెద్దాయన మొహం మిరపకాయ రంగుకి తిరిగింది. నవ్వులు తగ్గాక ఆయన లేచి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"నేను ఒక్క అక్షరం రాసివ్వను. పుస్తకం మార్చను. అది అయిపోయింది. ఇంక వేరే సంగతి. ఈ పిల్ల బూట్లు చూడండి, ఎంత బురదో. తూముకి పైన వాగులో కడుక్కుంటుంది. ఎవరికైనా అభ్యంతరమా?"

"బూట్లు కడుక్కోడానికి పంచాయితీ ఎందుకు?" అన్నాడొకడు.

"కడుక్కుంటూ ఏదో రాయి పక్కకి జరిపిందనుకో?"

ప్రోకోపియో మీసం కింద నవ్వు మెల్లగా తిరిగొచ్చింది. "వాగులో రాళ్ళు జరగడానికే ఉంటాయి డాన్ అబెనీసియో. అందులో మన ప్రమేయం ఏముంది?"

"రాయి కింద ఏదైనా కనిపిస్తే?"

"మనం చూపించామా, చెప్పామా? దానంతటది కనిపిస్తే మనమేం చేస్తాం!"

అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. డోన్యా క్లియోఫెస్ తెల్లటి పింగాణీ పళ్ళెం ఒకటి తుడిచి, ఎందుకో చెప్పకుండా ఒర్లిందా చేతిలో పెట్టింది.

తూము దాటి రెండు వందల అడుగులు నడిస్తే వాగు ఇరుకై రాళ్ళ మధ్య నుంచి దూకుతూ ఉంటుంది. డాన్ అబెనీసియో ఒడ్డున ఒక దుంగ మీద కూర్చుని, వాగుకి వీపు పెట్టి, కొండ వైపు చూస్తూ ఈల వేయడం మొదలుపెట్టాడు. ఒర్లిందా నీళ్ళలోకి దిగింది. చలి ఎముకల్ని కొరికింది. ఒక రాయి తిప్పింది. ఏమీ లేదు. ఇంకోటి తిప్పింది.

"చదునుగా ఉన్న రాళ్ళ కింద ఎక్కువ ఉంటాయని చేపలు పట్టేవాళ్ళు అంటారు" అన్నాడు పెద్దాయన కొండతో. "నేను విన్నమాట. నీతో అనట్లేదు."

నీళ్ళు జోరుగా పారే చోట రొట్టెంత చదును రాయి ఉంది. రెండు చేతులతో లేపి తిరగేసింది.

రాయి కింది భాగమంతా పురుగులు. ఆ ఊళ్ళో వాటిని నీటికుక్కలంటారు. నల్లటి వీపు, ఆరు కాళ్ళు, వెనక రెండు తోకలు, పొట్ట కింద ఊపిరి పీల్చే తెల్లటి కుచ్చులు. వాటిని ఒర్లిందా పుస్తకాల్లో చూసింది, శిక్షణలో సీసాల్లో చూసింది. ఇంత దగ్గరగా, పాకుతూ, కోపంగా తోకలాడిస్తూ ఉండగా ఎప్పుడూ చూడలేదు. పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక్కొక్కటే మెల్లగా దించింది. తెల్లటి పళ్ళెంలో అవి గింజలు ఏరినట్టు విడివిడిగా కనిపించాయి. కొన్ని బియ్యపు గింజంత. కొన్ని వేలి కణుపంత. నాలుగు మాత్రం చిటికెన వేలంత.

అవి గుడ్డు పగిలిన దగ్గర్నుంచి మూడేళ్ళు నీళ్ళలోనే ఉంటాయి. మూడో ఏడు జూన్‌లో ఒడ్డెక్కి రెక్కలు విప్పుకుంటాయి. మధ్యలో వాగు ఓ పదిరోజులు ఎండినా ఒక్కటి మిగలదు. చిన్నవి ఒక చలికాలం దాటినవి, నడిమివి రెండు, పెద్దవి మూడు. మూడు చలికాలాలు ఒకే రాయి కింద కలిసి కాపురముంటున్నాయి.

"డాన్ అబెనీసియో!" అంది. గొంతు ఎక్కడా తడబడలేదని ఆమెకే తరవాత తట్టింది. "ఇది పనికొస్తుంది. మనిషి రాసిచ్చినదానికంటే ఎక్కువ పనికొస్తుంది. మా పత్రంలో దీనికో గడి కూడా ఉంది!"

"దేనికి? నేనేమీ చూడలేదే" అన్నాడాయన, ఇంకా కొండనే చూస్తూ. మళ్ళీ తనే అడిగాడు. "ఈ పురుగు నీళ్ళున్నాయని చెబుతుంది. ఎన్ని నీళ్ళని చెబుతుందా?"

"చెప్పదండి. ఉన్నాయని మాత్రమే."

"కోర్టుకి పిలిస్తే?"

"రాదండి."

"బుద్ధిమంతురాలు" అన్నాడు.

ఫోటోలు తీసింది, కొలిచింది, ఇంకో రెండు చోట్ల రాళ్ళు తిప్పి అక్కడా లెక్కపెట్టింది. నీటికుక్కల్ని మళ్ళీ తెచ్చిన రాళ్ళ కిందికే వదిలింది. ఒడ్డున కూర్చుని పత్రం నింపుతూ, ‘సమాచారం ఇచ్చినవారు’ అన్న చోట కలం ఆపింది. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు. ఆమె ‘ఎవరూ లేరు’ అని రాసింది. ఆయన ఆ అక్షరాలు రెండుసార్లు చదివి తల ఆడించాడు.

"అయితే మా వాగు మొదటి వరసలోకి పోయినట్టేనా?"

"సోమవారం పొద్దున్నే నేనే నా చేత్తో మారుస్తాను."

"మంచిది. మరి చుపిల్యా వాగు? నోగాలితో వాగు? అవి ఏ వరసలో ఉన్నాయి?"

"అవి రెండో వరసేనండి. కానీ వాటిది వేరు. వాళ్ళ పుస్తకాల్లో తేదీలు ఏడాదికో రకంగా ఉన్నాయి. ఒక ఏడు మార్చి ఆఖర్న, ఒక ఏడు ఏప్రిల్ ఇరవైన. నిజంగా వాగు వచ్చిపోయినట్టే ఉన్నాయి."

డాన్ అబెనీసియో మొదటిసారి పగలబడి నవ్వాడు. దుంగ మీద నుంచి పడబోయి ఆపుకున్నాడు. "పిచ్చిదానా! వాళ్ళు ఈస్టర్ పండగ వెళ్ళిన సోమవారం తూము ఎత్తుతారు. ఈస్టర్ ఏటా ఒకే తేదీన వస్తుందా? వాగు కాదే వచ్చిపోయేది, పండగ!"

ఒర్లిందా వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఈ లోయలో కాలువ పుస్తకం చూసి రెండో వరసలో పడేసిన వాగులు ఇంకా నాలుగున్నాయి. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం రెండు. సోమవారం మధ్యాహ్నానికి జాబితా మూత.

"నాకు ఆ దారులే తెలియవు" అంది.

పెద్దాయన అప్పటికే లేచి, ఫోను పట్టుకుని డోన్యా క్లియోఫెస్ ఇంటి మలుపు వైపు నడుస్తున్నాడు. కాలువ చుట్టుపక్కల సిగ్నలు దొరికేది అక్కడొక్కచోటే. చుపిల్యా కాలువ పెద్ద ఆయనకి వియ్యంకుడు. ఈయన వేసే కేకలు ఫోను లేకపోయినా వియ్యంకుడికి వినపడేట్టున్నాయి.

"బావా! రేపు పొద్దున్న నీ దగ్గరికో పిల్ల వస్తుంది. ఏమీ అడగదు. నువ్వూ ఏమీ చెప్పకు... అవును, రాష్ట్రమే... లేదు, కొరకదు. వాగు దగ్గరికి దారి చూపించి, నువ్వు వెళ్ళి గడ్డి కోసుకో... భోజనం పెట్టు. మాంసం కాకుండా."

కింద కాలువలో పని మళ్ళీ మొదలైంది. ఒర్లిందా పరుగున వెళ్ళి తన ముక్క అందుకుంది. డోన్యా క్లియోఫెస్ వాటా సగంలో వదిలేసి వెళ్ళడానికి మనసొప్పలేదు. ప్రోకోపియో అప్పటికే అందులో సగం తీసేసి ఉన్నాడు. సంగతి అతనికి ఎవరు చెప్పారో గానీ, పార ఆపకుండానే అన్నాడు.

"రేపు నా ట్రక్కులో పోదాం. నీ తెల్లకారు ఆ దారుల్లో మొదటి గుంటలోనే పడుకుంటుంది. నాలుగు వాగుల్లోనూ నీటికుక్కలు ఏ రాయి కింద ఉంటాయో నాకు తెలుసు. ట్రౌట్ చేపలకి వాటిని మించిన ఎర లేదు."

"ఆ వాగుల్లో చేపలు పట్టడానికి లైసెన్సు..." అనబోయింది ఒర్లిందా.

ప్రోకోపియో పార ఆపి, మీసం సవరించుకుని, ఆమె వంక జాలిగా చూశాడు. "నాకు ఎలా తెలుసో మాత్రం అడక్కు."

"అడగను" అంది ఒర్లిందా.